నా స్థలం, నా బోరు, నా ఇష్టం: ఈ మాట ఎంతవరకు చెల్లుతుంది?

2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఒక ఉత్తర్వు ఇచ్చింది. తాగునీటితో కారు కడిగినా, తోటకు పోసినా 5,000 రూపాయల జరిమానా. మళ్లీ అదే పని చేస్తే రోజుకు ఇంకో 500. అంతకుముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. నగరంలోని 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని సర్కారే చెప్పిన రోజులవి. మారతహళ్లి నుంచి కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ దాకా మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే తూర్పు వైపు చాలా అపార్ట్‌మెంట్లకు అప్పటికి కావేరి కనెక్షనే లేదు. బోరు పోస్తే నీళ్లు, లేకపోతే ట్యాంకరు.

ఆ ఉత్తర్వు మీద అప్పుడు రెండు మాటలు వినపడ్డాయి. ‘డబ్బు కట్టి తెచ్చుకున్న నీళ్లు, ఎలా వాడుకుంటే మీకెందుకు?’ అన్నది ఒకటి. ‘పక్కింట్లో వంటకే నీళ్లు లేకపోతే వీళ్లకు కారు కావాల్సి వచ్చిందా?’ అన్నది రెండోది. రెండింటిలోనూ న్యాయం ఉంది. చిక్కల్లా నిషేధం పనిచేసే తీరులో ఉంది. పైపు పట్టుకుని బయట నిలబడ్డవాళ్లు కంటికి కనపడతారు. సగం బకెట్‌తో కారు తుడిచినవాళ్ల ఫొటో వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది. తలుపేసుకుని షవర్ కింద 20 నిమిషాలు నిలబడితే, నిమిషానికి 10 లీటర్ల లెక్కన 200 లీటర్లు పోతాయి. దాన్ని ఎవరూ చూడరు, చూడకూడదు కూడా. అంటే నిషేధం ఎక్కువ వాడినవాళ్లను పట్టుకోదు, ఎదురుగా వాడినవాళ్లను పట్టుకుంటుంది. పైగా దాన్ని అమలు చేయాలంటే ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచాలి.

ఎవరి ఇంట్లో వాళ్లు తమ ఇష్టప్రకారం బతకాలన్నా, అందరికీ నీళ్లు మిగలాలన్నా, ఎవరు ఎంత వాడారో అంకెల్లో తేలి ఆ భారం వాడినవాళ్ల మీదే పడాలి. మీటరు లేనిచోట నిఘా వస్తుంది, లేదా ఉపన్యాసం వస్తుంది. ఆ రెండింటితోనూ సంపు నిండదు.

హక్కు ఎక్కడి నుంచి వచ్చింది

‘నా స్థలం, నా బోరు’ అనేది ఉత్త మొండి మాట కాదు, దాని వెనక చట్టం ఉంది. 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్‌లో, భూమి కింద నిర్దిష్టమైన కాలువగా పారని నీటిని తన హద్దుల్లోపల తోడుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉందని రాశారు. ఇంత తోడాలి, ఇంతకు మించకూడదు అనే హద్దు అందులో లేదు.

ఈ ఆలోచనకు మూలం ఇంగ్లండులో ఉంది. అక్కడ ఒక నూలు మిల్లు యజమాని బావి, పక్కన బొగ్గు గనులు తవ్వడం వల్ల ఎండిపోయింది. 1843లో తీర్పు గని తవ్వినవాళ్ల పక్షాన వచ్చింది. నేల మీద పారే ఏరు ఎటు పోతోందో అందరికీ కనపడుతుంది, నేల కింది నీళ్లు ఎవరి కింద నుంచి ఎంత వస్తున్నాయో ఎవరూ చూడలేరు, కాబట్టి ఏటి నీటి నియమాలు దీనికి వర్తించవన్నది ఆ తీర్పులోని తర్కం. కంటికి కనపడదు గనుక లెక్క లేదు, లెక్క లేదు గనుక హద్దు లేదు. ఈ స్వేచ్ఛ పుట్టిందే తెలియనితనం మీద. ఇవాళ నీటిమట్టం కొలవడం తెలుసు, బోరుకు మీటరు పెట్టడం తెలుసు. తెలిసిన తర్వాత కూడా పాత స్వేచ్ఛను యథాతథంగా అడగడం సబబు కాదు.

చట్టాలు కూడా అటువైపే కదిలాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వచ్చింది, కర్ణాటకలో 2011లో భూగర్భజల నియంత్రణ చట్టం వచ్చింది. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో బోరు వేయాలంటే ముందు అనుమతి కావాలి. తాగునీరు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టులు చెప్పాయి. 1976లో 42వ సవరణతో చేరిన 51ఎ అధికరణం చెరువులు, నదులను కాపాడటం పౌరుల విధి అంటుంది. అయితే ఆ విధి తప్పినవాళ్లను నేరుగా శిక్షించే ఏర్పాటు ఆ అధికరణంలో లేదు. అందుకే బాధ్యత అన్న మాట పుస్తకంలో బరువుగా ఉంటుంది, బాత్‌రూమ్ దాకా రాదు.

రాతి కింద ఏం జరుగుతుంది

బెంగళూరు నేల గట్టి రాయి, నైస్, గ్రానైటు. పైన మట్టి, దాని కింద శిథిలమైన మెత్తటి రాతి పొర. పాతకాలపు బావుల్లో ఊరింది ఈ పొర నీరే. దాని కింద గట్టి బండ. అందులో పగుళ్లుంటేనే నీళ్లు, లేకపోతే దుమ్మే. మన సీమ రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకరికి రెండించుల నీళ్లు పడితే, పది గజాల దూరంలో ఇంకొకరికి చుక్క పడదు.

పగులు ఎవరి సైటు హద్దునూ చూసుకుని ఆగదు. మీ బోరు 600 అడుగుల్లో ఒక పగులును తగిలి, పక్కవాళ్ల బోరు 900 అడుగుల్లో అదే పగులు దిగువ భాగాన్ని తగిలితే, వాళ్ల మోటరు నడిచేకొద్దీ మీ మోటరు గాలి పీలుస్తుంది. మీరు 1,200కు దిగుతారు. వాళ్లు 1,500 అంటారు. ఇద్దరూ లక్షలు పోస్తారు, నీళ్లు మాత్రం అవే. పైగా అంత లోతు నీళ్లు వాన కురిసిన మర్నాడు నిండేవి కావు. ఎన్నో ఏళ్లుగా ఇంకి చేరినవి.

ఇక్కడ ధర కూడా మోసం చేస్తుంది. 5 హెచ్‌పీ మోటరు గంటకు 3,000 లీటర్లు తోడుతోందనుకుందాం. 1,000 లీటర్లకు సుమారు ఒకటిన్నర యూనిట్ల కరెంటు, అంటే 10, 12 రూపాయలు. అదే 2024లో జిల్లా యంత్రాంగం కట్టిన ధరకే 12,000 లీటర్ల ట్యాంకరు, 5 కిలోమీటర్లలోపు, 1,000 రూపాయలు. అంటే 1,000 లీటర్లకు 83. బోరు నీళ్లు చౌక అనిపించడానికి కారణం, పక్కబోరు ఎండిన నష్టం ఆ కరెంటు బిల్లులో లేకపోవడమే.

‘ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చింది’ నిజమేనా?

ఈ సామెత మనవాళ్లు ఊరికే పుట్టించలేదు. నలుగురిదీ అయినదాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ అదే మన పల్లెల్లో, ఇటు కోలారు, ముళబాగిలు వైపు, చెరువు కింది పొలాలకు తరాల తరబడి నీళ్లు పారాయి. కారణం నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి వంతు ఎప్పుడు, కరువు ఏడాది ఎన్ని మళ్లకు మాత్రమే పారించాలి అనేది అతని చేతిలో ఉండేది. మడిలో వరి వేస్తావా, రాగి వేస్తావా అని అతను అడిగేవాడు కాదు. వంతు దాటితే మాత్రం ఊరుకునేవాడు కాదు. స్వేచ్ఛకూ ఉమ్మడి మేలుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం కష్టం. ఆ వంతుల్లో కులం, పలుకుబడి చొరబడిన ఊళ్లూ ఉన్నాయి. పద్ధతి మంచిదైనంత మాత్రాన పెత్తనం మంచిదైపోదు.

2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పరిశోధన మొదలైంది కూడా భూగర్భజలం మీదే. లాస్ ఏంజిలెస్ దగ్గర వెస్ట్ బేసిన్‌లో అందరూ పోటీపడి తోడితే సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడింది. తోడేవాళ్లే కోర్టుకెక్కి, బేరాలాడుకుని, ఒక్కొక్కరు ఏడాదికి ఎంత తోడాలో ఒప్పుకున్నారు. ఒప్పందం నిలబడటానికి ముఖ్య కారణం ఎవరు ఎంత తోడారో ఏటా అందరికీ తెలిసేలా లెక్క రాసే ఒక పర్యవేక్షకుడు. పక్కవాడు దొంగతనంగా తోడట్లేదన్న నమ్మకం ఉంటేనే మనమూ తగ్గించుకుంటాం. ‘నేనొక్కణ్ణి తగ్గిస్తే ఏమొస్తుంది?’ అనే ప్రశ్నకు జవాబు ఆ నమ్మకమే.

అపార్ట్‌మెంట్‌లో ఈ గీత ఎలా గీయాలి

40 ఫ్లాట్లు, 140 మంది ఉన్న భవనం అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో దాదాపు 19,000 లీటర్లు కావాలి. బోరు 7,000 ఇస్తోంది, మిగతాదానికి రోజూ ఒక 12,000 లీటర్ల ట్యాంకరు. నెలకు ట్యాంకర్లకు 30,000, బోరు కరెంటుకు ఓ 2,300. సమానంగా పంచితే ఫ్లాటుకు 808 రూపాయలు.

ఇప్పుడు ఒక ఇంట్లో ఆ నెల 1,000 లీటర్లు వృథా పోయాయి. బోరు ఇచ్చేది బోరు ఇస్తూనే ఉంటుంది, కాబట్టి అదనంగా పోయిన ప్రతి లీటరూ ట్యాంకరు లీటరే. వృథా అయినదాని ఖరీదు 83 రూపాయలు. వృథా చేసినవాళ్ల మీద పడేది రెండు రూపాయల చిల్లర. మిగతా 81 రూపాయలు 39 ఇళ్లవాళ్లు మోస్తారు. వాళ్లకు ఆ సంగతే తెలియదు. వృథా చేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, లెక్క అలా ఉంది. ఇక్కడ ‘నీటిని పొదుపుగా వాడండి’ అని లిఫ్టులో కాగితం అంటిస్తే ఏమవుతుంది?

మీటర్లు పెట్టి చూద్దాం. మనిషికి 135 లీటర్ల దాకా సగటు ధర, లీటరుకు 5.7 పైసలు. ఆపైన ట్యాంకరు ధర, 8.3 పైసలు. ఇద్దరే ఉండే ఇల్లు 8,100 లీటర్లు వాడితే 460 రూపాయలు. ఐదుగురున్న ఇల్లు మనిషికి 200 లీటర్ల చొప్పున నెలకు 30,000 వాడితే దాదాపు 1,960. ఆ ఐదుగురూ షవర్లు వాడుకుంటారా, పైకప్పు తోట పెంచుకుంటారా, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు తలంట్లు పోస్తారా అనేది వాళ్ల ఇంటి విషయం. అసోసియేషన్‌కు దాంతో పనిలేదు. 

చెప్పినంత సులువుగా ఇది జరగదు. మొదటి అడ్డంకి పైపులు. పాత భవనాల్లో ఒక ఫ్లాటులోకి ఒకే దారిన నీళ్లు రావు. ఒక్కో బాత్‌రూమ్ షాఫ్టు నుంచి, వంటింటి వైపు నుంచి, యుటిలిటీ వైపు నుంచి వేర్వేరుగా వస్తాయి. మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి నాలుగైదు మీటర్లు పట్టవచ్చు. అందుకని మీటర్ల కొటేషన్ తీసుకునే ముందు ప్రతి ఫ్లాటుకు ఎన్ని ఇన్‌లెట్లున్నాయో ప్లంబరుతో లెక్కపెట్టించాలి. ఇది చేయకుండా ‘ఫ్లాటుకో మీటరు’ అని బడ్జెట్ వేసిన చోట పని మధ్యలో ఆగిపోతుంది.

రెండోది మీటరు తీరు. చక్రం తిరిగే మెకానికల్ మీటరు, ఫ్లష్ ట్యాంకు నుంచి సన్నగా కారే ధారను సరిగా పట్టలేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండేటప్పుడు పైపులోని గాలి తోసుకొచ్చి, నీళ్లు లేకుండానే చక్రం తిరుగుతుంది. ‘నీళ్లే రాలేదు, బిల్లు ఎలా వచ్చింది?’ అనే గొడవ చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. బోరు నీటి ఇసుక ఇరుక్కోకుండా మీటరు ముందు జల్లెడ ఉండాలి, దాన్ని మూణ్ణెల్లకోసారి విప్పి కడగాలి. పై అంతస్తులో అసలే ప్రెషర్ తక్కువ, మీటరు వేస్తే ఇంకా తగ్గుతుంది. వాళ్ల ఫిర్యాదును తోసిపుచ్చకుండా బూస్టరు పంపు ఖర్చు అందరూ పెట్టుకోవాలి.

మూడోది తొందర. జనరల్ బాడీలో తీర్మానం చేసిన మరుసటి నెలే డబ్బు వసూలు మొదలుపెట్టకండి. ముందు మొత్తానికి ఒక మీటరు, ట్యాంకరు దించే చోట ఇంకొకటి పెట్టి, ఒక నెల మొత్తం వాడకం రాయండి. 12,000 అని చెప్పిన ట్యాంకరులో ఎంత దిగుతోందో కూడా అప్పుడే తేలుతుంది. ఆ తర్వాత ఫ్లాట్ల మీటర్లు పెట్టి రెండు, మూడు నెలలు ఉత్తుత్తి బిల్లు ఇవ్వండి: ఇంత వాడారు, ఇంత అయ్యేది, కట్టక్కర్లేదు. చాలా ఇళ్లలో కారే ఫ్లష్‌లు బయటపడేది ఈ నెలల్లోనే. ఫ్లాట్ల మీటర్ల మొత్తానికీ పెద్ద మీటరుకీ కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. అది 10 శాతం దాటితే సంపు పగులో, ట్యాంకు పొంగడమో, వాచ్‌మన్ గది పక్క కుళాయో చూడాలి.

మనుషులను ఎవరు లెక్కపెట్టాలన్నది నాలుగోది, ఇది నాజూకైనది. ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెట్టడం మర్యాద కాదు. ఎవరికి వాళ్లు రాసిచ్చిన సంఖ్యను నమ్మడం మేలు. మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇంట్లో, పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఉతుకుడు ఎక్కువ. ఆ సడలింపు కారణం అందరి ముందూ చెప్పించకుండా ఇవ్వాలి. రీడింగులను ఫ్లాటు నంబర్లతో నోటీసు బోర్డులో అంటించకూడదు. అది సిగ్గుపరచడమే కాక, ఏ ఇంట్లో వాళ్లు పండగకు ఊరెళ్లారో దారిన పోయేవాళ్లకు చెప్పినట్టవుతుంది. ఎవరి రీడింగు వాళ్లకు, పక్కన భవనం సగటు, అంతే చాలు. బిల్లు కట్టలేదని నీళ్లు ఆపడం అసలే వద్దు. బాకీ వసూలుకు వేరే దారులున్నాయి, నీళ్లకు ప్రత్యామ్నాయం లేదు. దూరం నుంచి వాల్వు మూసే స్మార్ట్ మీటర్లు అమ్మేవాళ్లు ఆ సదుపాయాన్ని గొప్పగా చూపిస్తారు, దాన్ని తీసుకోకపోవడమే మంచిది.

అద్దెకుండేవాళ్ల సంగతి తరచూ మరిచిపోతారు. మీటర్ల ఖర్చు ఆస్తిది, యజమాని పెట్టుకోవాలి. వాడకం బిల్లు ఉంటున్నవాళ్లది. ఓటు యజమానికి, బిల్లు అద్దెవాళ్లకు అయినప్పుడు, ధరలు నిర్ణయించే సమావేశంలో వాళ్లు మాట్లాడే వీలైనా ఉండాలి.

ఇంట్లో చేసుకునేవి

ఏరేటరు, అంటే కుళాయి మూతికి బిగించి ధారలో గాలి కలిపే చిన్న జాలీ, వాష్‌బేసిన్‌కూ వంటింటి సింకుకూ పెట్టాలి. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు పోసే కుళాయి 3 లీటర్లకు దిగుతుంది. బకెట్ నింపే కుళాయికి పెట్టి లాభం లేదు, బకెట్ నిండటం ఆలస్యమవుతుందే తప్ప నీళ్లు తగ్గవు. ఇక్కడి బోరు నీటి ఉప్పుకు జాలీ మూసుకుపోతుంది. నెలకోసారి విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టాలి. చాలామంది మూసుకుపోయిందని తీసి పారేస్తారు. ఫ్లష్ కారుతోందో లేదో చూడటానికి పైట్యాంకులో కొంచెం వంటరంగు కలిపి 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఆగితే సరి. కింద రంగు కనపడితే వాషరు పోయినట్టు.

తోడినవాళ్లే ఇంకించాలి

మీటరు వాడకాన్ని సరిచేస్తుంది, భూమిలోకి నీటిని దింపదు. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. ముప్పై నలభై (30 అడుగులకు 40 అడుగుల) సైటులో 80 చదరపు మీటర్ల మిద్దె ఉంటే, పోయింది పోగా ఏటా 60,000 లీటర్లకు పైనే దొరుకుతుంది. కొత్తగా కట్టే ముప్పై నలభై సైట్లకూ, పాతవాటిలో అరవై నలభై సైట్లకూ వాననీటి ఏర్పాటు ఉండాలని 2009లోనే నియమం వచ్చింది. నియమం కోసం కట్టినవాటిలో చాలా వరకు పనిచేయవు. కారణాలు తెలిసినవే: పదడుగుల గుంత తీసి కంకరతో నింపేస్తారు, రెండు వానాకాలాలకు మన్ను పేరుకుని మూసుకుపోతుంది. లేదా అడుగున కాంక్రీటు వేసేస్తారు.

సరైన ఇంకుడు బావి 3 అడుగుల వ్యాసం, 20 నుంచి 30 అడుగుల లోతు. సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి, సందులు పూడ్చకుండా. వరలకూ మట్టికీ మధ్య కంకర. అడుగు మన్నే. పైన గట్టి మూత. 20 అడుగుల బావి 4,000 లీటర్లు పడుతుంది, అంటే 80 చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల పెద్ద వాన కురిసినా పట్టేస్తుంది. ముందు ఒక మట్టి తొట్టి, మొదటి వాన మురికిని బయటికి వదిలే వాల్వు తప్పనిసరి. మిద్దె నీళ్లను తిన్నగా బోరులోకి వదలడం పెద్ద తప్పు. ఒక్క మురికి వాన మొత్తం పగులునే పాడుచేయవచ్చు, అది పక్కవాళ్ల తాగునీరు కూడా. ఈ బావులు తవ్వడంలో తరాల నేర్పున్న మన్ను వడ్డర్లు సర్జాపుర వైపు ఉన్నారు. వాళ్లు ఇళ్లలో మాట్లాడేది తెలుగు యాసే. ఏ లోతులో మెత్తరాయి తగిలి నీళ్లు ఇంకుతాయో గడ్డపార తగిలిన చప్పుడును బట్టి చెప్పగలరు.

బోరు నీళ్లకు ఊరికే కరెంటు ఖర్చు మాత్రమే కట్టుకోకుండా, 1,000 లీటర్లకు ఇంత అని అసోసియేషన్ పక్కన పెడితే ఈ బావుల తవ్వకానికి, ఏటా మే నెలలో పూడిక తీయడానికి సరిపోతుంది. 

ఇక బోరు మట్టం. మోటరు రాత్రంతా ఆపి, తెల్లవారుజామున నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో కొలవాలి. కేంద్ర భూగర్భజల మండలి తన బావులను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. అపార్ట్‌మెంటుకు ఎండాకాలం చివర మేలో ఒకసారి, వానలయ్యాక నవంబరులో ఒకసారి చాలు. తేదీ, లోతు, ఆ నెల తోడిన లీటర్లు ఒక పుస్తకంలో రాసి, ఆ కాగితం నకలు కాంపౌండు గోడ అవతలి అసోసియేషన్‌కు ఇచ్చి, వాళ్లది అడిగి తెచ్చుకోవాలి. రెండు వేసవుల అంకెలు పక్కపక్కన పెడితే ఇద్దరి బోర్లూ ఒకే పగులు మీద ఉన్నాయో లేదో చాలావరకు తెలిసిపోతుంది. ఉన్నాయని తేలితే, ఒకరు పొద్దున, ఒకరు రాత్రి మోటరు వేసుకునేలా వంతులు మాట్లాడుకోవచ్చు.